పొయ్యి వేడికి బేరం

మే నెలలో సూర్యాపేటకు వెళ్తున్నానంటే మా అమ్మ గొడుగు తెచ్చి ఇచ్చింది. వేడి అమ్మడానికి వెళ్తున్నానని చెప్పగానే ఆ గొడుగు వెనక్కి తీసుకుని, "నీకు ముందుగాల్నే ఎండదెబ్బ తాకినట్టున్నది, ఇంట్ల కూసో" అంది.

మాది జగిత్యాలలో స్టీలు సామాన్ల దుకాణం. నడక రాకముందే నన్ను గల్లాపెట్టె పక్కన గంగాళంలో కూర్చోబెట్టేవారట. గిన్నె అంచును గోటితో మీటి, కొనేవాడు ఎంత దాకా వస్తాడో చెప్పగలనని నాకు పేరు. ఆ పేరు నేనే పెట్టుకున్నాను, కాని బాగానే నడుస్తోంది.

మా అక్క కూతురు స్రవంతి హైదరాబాదులో ఒక కాలేజీ ఇచ్చిన గదిలో రెండేళ్ళుగా ఒక వస్తువు తయారు చేస్తోంది. బిస్కెట్టంత పలక. ఒక ముఖానికి వేడి తగలాలి, రెండో ముఖం చల్లగా ఉండాలి. ఈ పక్క నుంచి ఆ పక్కకు వేడి దాటుతుంటే మధ్యలో కరెంటు పుడుతుంది. తిరిగే చక్రం లేదు, చప్పుడు లేదు, బ్యాటరీ లేదు. అలాంటి పలకలు ఆరు ఒక అల్యూమినియం డబ్బాలో బిగించి, వెనక దువ్వెన పళ్ళలాంటి రేకులు పెట్టింది. దానికి ఆమె పెట్టిన ఇంగ్లీషు పేరు పలికేసరికి నాకు దాహం వేసింది. పలకలేనిదాన్ని ఎవరూ కొనరని చెప్పి, "ఉడుకు డబ్బా" అని నేను పేరు మార్చాను.

డబ్బా గదిలో బాగా పనిచేస్తుంది. బయట ఒక్కటీ అమ్ముడుపోలేదు. నెలాఖరులోగా ఒక్క కొనుగోలు ఆర్డరైనా, సంతకం, ముద్రతో, చూపించకపోతే గది తాళాలు అప్పగించమని కాలేజీ కమిటీ చెప్పింది. అప్పటికి మిగిలింది తొమ్మిది రోజులు. స్రవంతి ఆ సంగతి ఫోన్లో చెప్తుంటే మధ్యలోనే ఆపి, "బిడ్డా, చెయ్యడం నీ పని, అమ్మడం నా పని. మూడు రోజులు, నాలుగు డబ్బాలు, నా నోరు. చాలు" అన్నాను. ఇంట్లో వాళ్ళందరూ విన్నారు. వినకుండా ఉంటే బాగుండేది.

సూర్యాపేట: రేణుకక్క పొయ్యి

హైదరాబాదు, విజయవాడల మధ్య తిరిగే బస్సులకు ఆకలి వేసే చోటు సూర్యాపేట. రోడ్డు పొడుగునా హోటళ్ళే. గ్యాసు పొయ్యిలున్న పెద్ద హోటళ్ళను వదిలేసి, కట్టెల పొయ్యి కోసం వెతుక్కుంటూ లోపలి వీధిలో రేణుకక్క మెస్సుకు నేనూ స్రవంతీ చేరాం. ఆమెది ఆత్మకూర్ (ఎస్). మూడు కట్టెల పొయ్యిలు, ఆరు బల్లలు. లారీ డ్రైవర్లు వరస కట్టి నిలబడి ఉన్నారు.

భోజనం నూట ఇరవై, నాటుకోడి కూర వేరే. అలవాటు కొద్దీ, "ఇద్దరికి కలిపి రెండు వందలు చేసుకో అక్కా" అన్నాను.

"ఇద్దర్ల ఎవరు తక్కువ తింటరో చెప్పు, వాళ్ళకు తగ్గిస్త" అంది రేణుకక్క గరిటె ఆపకుండానే. తర్వాత మా ఊరేదని అడిగింది. జగిత్యాల అని చెప్పడమే నేను చేసిన తప్పు. వాళ్ళ చిన్నాయన కూతుర్ని అక్కడికే ఇచ్చారట, మా దుకాణం వెనక సందులోనే ఉంటుందట. మా జగిత్యాల హోటళ్ళలో ధర అడిగితే గోడ మీద రాసింది చూపిస్తారు. ఇక్కడ ధర చెప్పి, వెంటనే చుట్టరికం కలుపుతారు. చుట్టమని తేలాక బేరం చెయ్యడానికి నోరు రాదు. ఈ ఊరివాళ్ళు ఇలా ఎందరి నోళ్ళు మూయించారో!

జొన్నరొట్టె, పచ్చిపులుసు, నాటుకోడి. పూర్తి ధర ఇచ్చి, తృప్తిగా తిన్నాం. ఆ తర్వాత స్రవంతి డబ్బాను పొయ్యి పక్క గోడకు ఆనించి బిగించింది. నాలుగు నిమిషాల్లో చిన్న బల్బు వెలిగింది, అరచేతంత ఫ్యాను తిరిగింది. ఒక డ్రైవరు తన ఫోను చార్జింగు పెట్టాడు. ఇంకొకడు అతని ఫోను పీకి తనది పెట్టాడు. గిరాకీ ఇలాగే మొదలవుతుందని నేను స్రవంతి వైపు కన్నుగీటాను.

ఇంతలో ఒక బస్సు ఆగింది. ముప్పై మంది ఒక్కసారిగా లోపలికి వచ్చారు. ఆ హడావిడిలో రేణుకక్క మరుగుతున్న పప్పు గిన్నె దించి, డబ్బా వెనక రేకుల మీద పెట్టేసింది. ఫ్యాను ఆగింది. బల్బు కునికిపాట్లు పడి ఆరిపోయింది.

"అయ్యో అక్కా, గా రేకులు సల్లగుండాలె" అని స్రవంతి ఉరికింది.

"ఖాళీ జాగ కనవడ్డది, పెట్టిన. అంటే ఏంది, పొయ్యి పక్కనే కూసోవాలె, ఉడుకు తగలొద్దు, మీద ఏం పెట్టొద్దు, పని మాత్రం మేం చూసుకోవాలె. అచ్చం మా అత్త లెక్కనే ఉన్నది గదా!"

డ్రైవర్లు పొలమారేట్టు నవ్వారు. రద్దీ తగ్గాక రేణుకక్క నాకు మజ్జిగ ఇచ్చి నెమ్మదిగా చెప్పింది: "తమ్మీ, నాకు కరెంటు ఉన్నది. గీ డబ్బా పెట్టే జాగల ఇంకో పొయ్యి ఏస్తె ఇంకో పది మంది తింటరు. పిల్ల తెలివిగలదే. నువ్వే అక్కెర లేని ఇంటికి తీసుకొచ్చినవ్."

మజ్జిగకు పదిహేను రూపాయలు తీసుకుంది. చుట్టరికం నా వైపు నుంచి మాత్రం పనిచెయ్యదన్నమాట.

కోదాడ: మరమరాల బట్టీ

సూర్యాపేట దాటి గంట ప్రయాణం చేస్తే చాలు, మాటకు యాస మారుతుంది. బస్సు దిగుతుంటే "జర జరుగు" అన్నవాడూ ఉన్నాడు, "కాస్త జరగండీ" అన్నవాడూ ఉన్నాడు. కోదాడలో మేం వెళ్ళింది మరమరాల బట్టీకి. పెద్ద మూకుడులో ఇసుక ఎర్రగా కాగుతుంది. అందులో బియ్యం వేసి తిప్పితే వాన కురిసినట్టు చిటపటమంటూ తెల్లగా పొంగుతాయి. యజమాని వెంకటేశ్వర్లు గారు మా ముందు చాటెడు మరమరాలు పోసి, ఉల్లిపాయ తరిగించి, నిమ్మకాయ పిండించి, తిన్నాకే మాట్లాడదామన్నారు.

ఆయన మనసున్న మనిషి. "కరెంటు పోతే మంటకు గాలి ఊదే ఫ్యాను ఆగిపోద్దండీ, మంట తగ్గి బియ్యం పొంగవు. మీ డబ్బాతో ఆ చిన్న ఫ్యాను తిరిగితే చాలు. సాయంత్రం దాకా పెట్టి చూడండి. బాగుంటే రెండు తీసుకుంటానండీ."

రెండు! స్రవంతి మొహంలో ఆ రోజు మొదటిసారి రంగు వచ్చింది. బట్టీ గోడకు డబ్బా బిగించింది, ఫ్యాను తిరిగింది. వైరు పొట్టిగా ఉందని కొనడానికి బజారుకు వెళ్తూ, "మామా, దీన్ని ముట్టుకోకుండ కూసో, చాలు" అంది.

ముట్టుకోకుండానే కూర్చున్నాను. చూడకుండా మాత్రం ఉండలేకపోయాను. రేకుల మీద నుంచి వేడి గాలి సెగలు సెగలుగా పైకి పోతోంది. ఇక్కడ మీకు మా నాన్న గురించి చెప్పాలి. పెట్టెలకు కట్టి వచ్చిన సుతిలి తాడును ఆయన ముడులు విప్పి ఉండగా చుడతాడు. వంగిన మేకును సుత్తితో సరిచేస్తాడు. మా ఇంట్లో ఏదైనా ఊరికే పోతుంటే చూస్తూ కూర్చోవడం పాపం కింద లెక్క. మరి కళ్ళ ముందు, మనం అమ్మడానికి వచ్చిన సరుకే, వేడే, ఇలా గాలిలోకి పోతుంటే నా ప్రాణం ఎలా ఊరుకుంటుంది? పక్కనే మడతపెట్టిన గోనెసంచులున్నాయి. రెండు తెచ్చి రేకుల చుట్టూ చక్కగా కప్పి, ఉన్న సుతిలితో కట్టాను. ఒక్క సెగ బయటికి రాలేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఫ్యాను నెమ్మదించింది. తర్వాత ఆగింది. తర్వాత లోపల నుంచి చిటుక్కుమని ఒక శబ్దం వచ్చింది.

సంచులు ఊడదీసి కుర్చీ కింద తోసి, ఏమీ ఎరగనట్టు మరమరాలు తింటూ కూర్చున్నాను. స్రవంతి వచ్చి చూసింది. మీటరు పెట్టింది, మళ్ళీ పెట్టింది. లోపలి అతుకులు కరిగిపోయాయట. "ఎట్లయింది? ఇంత వేడి దీనికి ఎట్ల ఎక్కింది?" అని తనలో తనే అనుకుంటోంది.

వెంకటేశ్వర్లు గారు నాకు సాయం చేద్దామనే అన్నారు: "మీ మామయ్య గారి తప్పేం లేదమ్మా. పాపం ఎంతో శ్రద్ధగా గోనెసంచులు కప్పి, తాడుతో కూడా కట్టారండీ."

స్రవంతి నా వైపు తిరిగింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"మామా, వేడి అటు పోతుంటేనే ఇటు కరెంటు వస్తది. పోనియ్యకపోతే ఏమొస్తది?"

ఏదీ పోనివ్వకుండానే నలభై ఆరేళ్ళు బతికాను. ఇంకో డబ్బా పెడతానని స్రవంతి అడిగింది. వెంకటేశ్వర్లు గారు తల అడ్డంగా ఊపారు. "అమ్మా, అమ్మడానికి వచ్చిన మనిషే కప్పేశాడంటే, రేపు మా పనివాళ్ళు కప్పరని ఏంటండీ నమ్మకం?"

వెళ్తుంటే రెండు కిలోల మరమరాలు సంచిలో పోసి ఇచ్చారు. జీవితంలో మొదటిసారి ధర అడగకుండా ఒక వస్తువు చేతిలోకి తీసుకున్నాను. చాలా బరువుగా ఉంది.

హుజూర్‌నగర్ మీదుగా

మిర్యాలగూడ బస్సులో హుజూర్‌నగర్ దాకా స్రవంతి కాలిపోయిన డబ్బా మరలు విప్పుతూ బిగిస్తూ కూర్చుంది. నేను మరమరాలు అందించాను, తీసుకోలేదు. హుజూర్‌నగర్ దాటాక సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసుకుంది. క్షమించిందని కాదు, ఆకలేసింది.

"గది పోతే మిషన్లు కాలేజీకే పోతయి మామా. గివి మూడు డబ్బాలు, గీ బ్యాగు, గంతే నాకు మిగిలేది. మల్ల మొదటి నుంచి చేసే ఓపిక నాకు లేదు" అంది కిటికీలోంచి చూస్తూ.

అయిన నష్టంలో నాకు తెలిసిన భాగమే మాట్లాడాను. "రేణుకక్క పప్పు గిన్నె పెట్టింది. నేను సంచి కప్పిన. మా అసొంటోళ్ళకు ఆ రేకులు కనవడుడే తప్పు బిడ్డా. ఖాళీ జాగ చూస్తే మాకు చెయ్యి ఆగది."

ఆమె నమలడం ఆపింది. నోట్‌బుక్కు తీసింది. బస్సు కుదుపులకు గీతలు వంకర పోతున్నా గీస్తూనే ఉంది. రేకులు తీసేసి, వాటి చోట చల్లటి నీళ్ళు తిరిగే రాగి గొట్టం పెడితే? నీళ్ళ గొట్టం మీద ఎవరూ గిన్నె పెట్టరు, సంచి కప్పరు.

మిర్యాలగూడలో దిగగానే రాగి గొట్టం కొన్నాం. ఐదు వందల యాభై చెప్తే నాలుగు వందల ముప్పైకి తెచ్చాను. ఈ యాత్ర మొత్తంలో నేను గెలిచిన బేరం అదొక్కటే. అది కూడా కొనే బేరం.

బాయిలర్ దగ్గర

మిర్యాలగూడ గాలి ఉడికిన వడ్ల వాసన వేస్తుంది. ఊళ్ళోకి వచ్చేసరికి నా తెల్ల చొక్కా మీద ఊక బూడిద నల్లటి పొరల్లా వాలింది. నేను చేత్తో దులిపాను, చారలు పడ్డాయి. టీ కొట్టు ఆయన నవ్వి, "దులుపొద్దు సారు, ఊదాలె" అని చేసి చూపించాడు. ఊదితే పోయింది. ఊరికి కొత్తవాళ్ళెవరో ఇక్కడ చొక్కాల మీది చారలు చెప్పేస్తాయి.

స్రవంతి లాడ్జి గదిలో కూర్చుని ఒక డబ్బాకు రాగి గొట్టం అమర్చింది. మర్నాడు పొద్దున ఒక ఉప్పుడు బియ్యం మిల్లుకు వెళ్ళాం. బయట వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. యజమానిని అందరూ రెడ్డి సారు అంటారు. ఆయన వడ్లను అరచేతిలో నలిపి, ఊది, ఒక గింజ కొరికి, తేమ ఉందనో తాలు ఉందనో బస్తాకు ఇంత అని తూకంలో తగ్గిస్తున్నారు. దాన్ని తరుగు అంటారు. రైతులు గొణుగుతున్నారు, ఆయన కొరుకుతున్నారు.

నేను నా మొత్తం విద్య ప్రదర్శించాను. కరెంటు బిల్లు తగ్గుతుందన్నాను, ఊరికే పోయే వేడి పైసలవుతుందన్నాను. రెడ్డి సారు ఓపికగా విని, "గీ డబ్బాలు పొగగొట్టం పొడుగునా అంటిచ్చినా నా ఆఫీసుల ఏసీ నడువదు. నడుస్తదా బిడ్డా?" అని స్రవంతిని అడిగారు.

"నడువది సారు" అంది స్రవంతి. పిల్లకు అబద్ధం నేర్పనందుకు మా అక్కను మనసులో తిట్టుకున్నాను.

"అయినా అంత దూరం నుంచి వచ్చిండ్రు, పెట్టి చూపియ్యిండ్రి" అన్నారు. బాయిలర్ల గదికి కిటికీల్లేవు, పట్టపగలే లైట్లు వేసి ఉన్నాయి. అక్కడ ఫైర్‌మన్ లింగయ్య మమ్మల్ని చూసి పార పక్కన పెట్టాడు. యాభై ఏళ్ళుంటాయి. "మాది తుంగతుర్తి దిక్కు. మా అన్నలు గొర్లను కాస్తరు. నేను నిప్పును కాస్తున్న. గొర్లే నయం, తప్పిపోతే దొరుకుతయి" అన్నాడు.

స్రవంతి డబ్బాను కొలిమి తలుపు పక్కన బిగించి, పైన ట్యాంకు నుంచి సన్న గొట్టంతో నీళ్ళు వదిలింది. బల్బు వెలిగింది. వెలుతురులో బల్బు వెలిగితే ఎవరికి గొప్ప? నేను మళ్ళీ కరెంటు బిల్లు సంగతి ఎత్తుకున్నాను, రెడ్డి సారు ఆవులించారు. అప్పుడే కరెంటు పోయింది.

మిల్లు మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. గదిలో కొలిమి ఎరుపు తప్ప ఏమీ కనబడటం లేదు. లింగయ్య రెండు చేతులతో వాల్వు తిప్పుతూ, ఫోన్ టార్చిని పళ్ళతో కరిచి పట్టుకుని, గోడ మీద నిలువుగా ఉన్న గాజు గొట్టాన్ని చూస్తున్నాడు. బాయిలర్లో నీళ్ళు ఎంతున్నాయో చెప్పేది ఆ గాజు గొట్టమే. అది కనబడకపోతే ప్రమాదం. జనరేటరు మనిషి టీకి పోయాడు.

స్రవంతి బల్బును వైరుతో సహా తీసుకెళ్ళి గాజు గొట్టం పక్కన వేలాడదీసింది. నీళ్ళ గీత తేటగా కనబడింది.

లింగయ్య నోట్లోంచి ఫోన్ తీశాడు. "బిడ్డా, గిది నిప్పున్నంతసేపు ఎలుగుతదా?"

"నిప్పున్నంతసేపు, నీళ్ళు పారినంతసేపు."

"బ్యాటరీ?"

"లేదు."

లింగయ్య నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "మరి గింతసేపు కరెంటు బిల్లు ముచ్చట ఎందుకు చెప్పినవన్నా?"

రెడ్డి సారు కల్పించుకున్నారు. "చార్జింగ్ లైట్లు తెచ్చిచ్చిన గదా లింగయ్యా!"

"ఆరు తెచ్చిచ్చిండ్రు సారు. మూడు గీ ఉడుకుకు ఉబ్బి పలిగినయి. రెండు డ్రైవర్లు ఎత్తుకపోయిండ్రు. ఒకటి మీ ఇంట్ల ఉన్నది."

రెడ్డి సారు గొంతు సవరించుకుని ధర అడిగారు. ఎనిమిది వేలని స్రవంతి చెప్పింది. "డబ్బా ఊరికే పెట్టి పో. నీకు కావాల్సిన కాగితం రాసిస్త, సంతకం పెడ్త, ముద్ర ఏస్త. పైసలు అడగకు" అన్నారాయన.

నా కాళ్ళు ముందుకు కదిలాయి. కాగితమే కదా మాకు కావలసింది! స్రవంతి చెయ్యి గిల్లాను. ఆమె చెయ్యి లాక్కుంది.

"ఊరికే తీసుకున్నట్టు రాస్తరా సారు, కొన్నట్టు రాస్తరా?"

"కొన్నట్టే రాస్త."

"కొననిది కొన్నట్టు నాకొద్దు సారు."

లింగయ్య వెళ్ళి పానా తీసుకుని డబ్బా మరలు విప్పడం మొదలుపెట్టాడు. బల్బు ఊగింది. గాజు గొట్టం మీద వెలుతురు అటూ ఇటూ పోయింది.

"ఏయ్, ఆగు ఆగు! ఇప్పుడెందుకు ఇప్పుతున్నవ్?" అని రెడ్డి సారు అరిచారు.

"కొనలేదు గదా సారు. ఎవరి సొమ్ము వాళ్ళకియ్యాలె" అన్నాడు లింగయ్య ఇంకో మరకు పానా పెడుతూ.

మూడు తరాల దుకాణంలో పెరిగినా, అమ్మడం అంటే ఏమిటో ఆ క్షణంలో చూశాను.

కాగితం మీద పేరు

బేరం ఆఫీసు బయట, కాంటా దగ్గర జరిగింది. రెడ్డి సారు డబ్బాను చేతిలో తిప్పి చూసి, కొరకడం ఒక్కటే తక్కువ, "ఎనిమిది వేలల్ల తరుగు తియ్యి" అన్నారు.

"ఇండ్ల తేమ లేదు సారు, తాలు లేదు" అన్నాను నేను.

"కొత్త సరుకు. నమ్మకం తరుగు."

ట్రాక్టరు మీద కూర్చున్న హాలియా రైతు ఒకాయన అక్కడి నుంచే కేక వేశాడు: "ఆడపిల్ల బల్బుకు గూడ తరుగేనా సారూ!"

బారులోని రైతులంతా గొల్లున నవ్వారు. రెడ్డి సారు చెవులు ఎర్రబడ్డాయి. "సరే పో, తరుగు లేదు. రెండు ఇయ్యి" అన్నారు.

"మరి మా వడ్లకు?" అన్నాడు ఆ రైతు.

"నీది బల్బు కాదు, తాలు. నోరు మూసుకుని బస్తా దించు."

గుమాస్తా ఆర్డరు కాగితం రాశాడు. సంతకం, ముద్ర, చెక్కు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను చదివి ఉలిక్కిపడ్డాను. వస్తువు వివరం అన్న చోట "బాయిలర్ అద్దం కాడి బల్బు – 2" అని రాసి ఉంది. ఆమె పెట్టిన ఇంగ్లీషు పేరు లేదు, నేను పెట్టిన ఉడుకు డబ్బా కూడా లేదు. కాగితం మార్పిద్దామని లేచాను. వేడి నుంచి కరెంటు పుట్టించే పరిశోధన అని చెప్పుకుని గది ఉంచుకున్న పిల్ల, కమిటీ ముందు బల్బు ఆర్డరు ఎలా పెడుతుంది?

స్రవంతి నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. "ఉండనీ మామా. ఆయన ఏమనుకొని కొన్నడో గదే దాని పేరు."

నాలుగు రోజుల తర్వాత కమిటీ కూర్చుంది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను, తలుపు ఓరగా ఉంది. కాగితం చేతులు మారి చివరి ఆయన దగ్గరకు వచ్చింది. కళ్ళద్దాలు సర్దుకుని, "ఇన్నాళ్ళ పరిశోధన చివరికి బల్బా అమ్మా?" అన్నారు.

"బల్బే సార్."

"రెండెందుకు?"

"ఆ మిల్లుల బాయిలర్లు రెండు సార్."

ఆయన కాగితం ఫైలులో పెట్టి, "గది ఉంచుకో" అన్నారు. తర్వాత కుర్చీలు జరిగిన చప్పుడైంది. స్రవంతి బయటికి వచ్చి, నా పక్క నుంచి ఆగకుండా నడిచివెళ్ళి, తన గది తలుపు తాళం తీసింది.